కాయితం అడగని పిల్లలు

ఇప్పుడు ఏ కాలేజీ పిల్లవాణ్ణి కదిపినా ఒకటే జవాబు: పర్మిషన్ రాలేదు, మీటింగ్ క్యాన్సిల్. ఆ ముక్క చెప్పి, ఫోన్‌లో నల్ల డీపీ పెట్టి ఊరుకుంటున్నారు. మొన్న మా చెల్లె మనవడు ఇంటికొచ్చాడు. డిగ్రీ రెండో ఏడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద నలుగురు పిల్లలు కలిసి ధర్నా పెట్టుకుందామనుకున్నారట. ఏమైందిరా అంటే చెప్పాడు.

"పర్మిషన్ ఇయ్యలే తాతా."

"కాయితం మీద రాసిచ్చిండ్రా?"

"లేదు. ఫోన్ల చెప్పిండ్రు. థర్టీ యాక్ట్ ఉన్నదట."

"ఎన్నటిదాక ఉన్నదట?"

"ఏమో తాతా. అది ఎప్పటికి ఉంటది గదా."

ఆ చివరి మాటకు నాకు ఒళ్లు మండింది. ఎప్పటికీ ఉంటుందని పందొమ్మిదేళ్ల పిల్లవాడు అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు? పత్రికల జిల్లా పేజీలో నెలనెలా ఒక మూలన చిన్న వార్త వస్తుంటుంది. ఈ నెలంతా జిల్లాలో 30 పోలీస్ యాక్ట్ అమలు, ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు చేయరాదు అని. వాన కబురు చదివినట్టు చదివి పేజీ తిప్పేస్తున్నాం. అది 1857 తిరుగుబాటును అణిచిన తెల్లదొరలు 1861లో రాసుకున్న చట్టం. అందులోని 30వ సెక్షన్ కూడా ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఏ వేళకు పోవాలి అని క్రమబద్ధం చేసుకోమంటుంది. జనం ఎప్పుడూ గుమికూడొద్దని చెప్పదు. మన రాజ్యాంగం 19వ అధికరణంలో ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాసిపెట్టింది. అహ్మదాబాద్ నుంచి వెళ్లిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది: వీధుల్లో సభలను పోలీసులు నియంత్రించవచ్చు గానీ, ఇష్టమొచ్చినట్టు కాదనే అధికారం వాళ్లకు లేదు. నేను డిగ్రీలో చేరిన రోజుల్లో ఆ తీర్పు సంగతి మాకు చెప్పింది లా కాలేజీ ప్రొఫెసర్లు కాదు. కరీంనగర్ కోర్టు ముందు చాయ్ హోటల్లో కూర్చునే వకీళ్లు.

అదీ నా గొణుగుడు. ఈ తరానికి ధైర్యం లేదని నేను అనడం లేదు, అది మస్తుగా ఉంది. లేనిది పనితనం. కాయితం అడగడం రాదు, కాయితం రాయడం రాదు, కాయితం దాచడం రాదు.

కాయితం ఎందుకంటారా? ఇవ్వం అని పోలీసు అధికారి రాసి సంతకం పెడితే, ఆ ముక్క పట్టుకుని హైకోర్టుకు పోవచ్చు. ఎందుకివ్వరో కారణం రాయాల్సి వస్తుంది, రాసిన కారణం నిలుస్తుందో లేదో జడ్జి చూస్తాడు. ఫోన్‌లో చెప్పిన మాట మీద ఏ జడ్జి స్టే ఇస్తాడు? గుమికూడొద్దని ఆర్డర్ ఇచ్చే 144 సెక్షన్ 2024 జులై నుంచి కొత్త చట్టంలో 163 అయింది. నంబరు మారింది. కారణాలు చూపుతూ రాతపూర్వకంగా ఆర్డర్ ఇవ్వాలన్న షరతు అలాగే ఉంది, మామూలుగా రెండు నెలలకు మించి నడవదన్న హద్దు కూడా అలాగే ఉంది. హైదరాబాద్ ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌక్‌ను 2017లో మూసేసినప్పుడు, దాన్ని మళ్లీ తెరిపించింది కొంత రోడ్డు మీది జనం, కొంత కోర్టు మెట్లెక్కిన కాయితాలు. ఆ రెండో సగం మా పిల్లలకు ఎవరూ నేర్పలేదు.

మా రోజులు బంగారు రోజులని చెప్పడానికి ఈ ముచ్చట మొదలుపెట్టలేదు. అవి చావు రోజులు. 1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ నడుస్తుండగా, ముషీరాబాద్ జైల్లో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఇద్దరూ మన ఆదిలాబాద్ జిల్లా బీదరైతులు. నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్లి హత్య కేసుల్లో శిక్షపడ్డ మనుషులు. వాళ్లు చేసిన పని తప్పా ఒప్పా అన్నది ఒక వాదన. రాజ్యం మనిషి ప్రాణం తీయవచ్చా అన్నది ఇంకో వాదన. ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం మా తరం ఆ ఇద్దరి దగ్గర నేర్చుకుంది. ఉరి ఆపమని దేశమంతా వకీళ్లు, రచయితలు, విద్యార్థులు విజ్ఞప్తులు పంపారు. ఆగలేదు.

తర్వాత 1978 సెప్టెంబర్, జగిత్యాల జైత్రయాత్ర. వెట్టి వద్దని, కూలి పెంచాలని, దొరలు కలుపుకున్న శిఖం, పోరంబోకు భూములు విడవాలని రైతుకూలీ సంఘాలు వేల మందితో పట్నంలోకి నడిచొచ్చాయి. దొరకు చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాడు పశువులను తోలలేదు. గడీల్లోని దొరలు మూటాముల్లె సర్దుకుని పట్నాలకు పోయారు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబర్ 20న, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. సబ్ ఇన్‌స్పెక్టర్ హోదా ఉంటే చాలు, గుంపు మీద కాల్పులకు ఆర్డర్ ఇవ్వొచ్చని చెప్పే చట్టం అది. ఆ చట్టం పుట్టింది 1948లో. పారిస్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన చేసిందీ ఆ ఏడాదే, డిసెంబర్ 10న. శాంతియుతంగా గుమికూడే హక్కు అందులో 20వ అధికరణం. ఒకే ఏడాది పుట్టిన ఆ రెండు కాయితాల్లో సిరిసిల్లకు చేరింది మొదటిదే.

ఇక ఇంద్రవెల్లి. దీని దగ్గర ఆగకుండా నేను ముందుకు పోలేను. 1981 ఏప్రిల్ 20, సోమవారం. అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టుకుంది. అడిగింది ఏమిటి? పోడు భూములకు పట్టాలు, ఫారెస్టు వాళ్ల వేధింపులు ఆగడం, వడ్డీ వ్యాపారుల చేతిలోకి పోయిన భూములు వెనక్కి రావడం. గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించరాదని 1970లోనే రెగ్యులేషన్ వచ్చి ఉంది. దాన్ని అమలు చేయమన్నారు, అంతే. సభకు ముందు ఒప్పుకున్న అధికారులు ఆఖరున కాదని 144 పెట్టారు. ఆ సంగతి అడవిలో ఉన్న గూడేలకు ఎవరు చెప్పాలి? తెల్లారకముందే బయల్దేరిన గోండు తల్లులకు, పిల్లలను ఎత్తుకున్న కోలాం ఆడపడుచులకు, ఉప్పు, నూనె కొనుక్కోవడానికి అంగడికి వచ్చిన ముసలివాళ్లకు 144 అంటే ఏం తెలుసు? దారుల మీద ఆపారు, తోపులాట అయింది, తుపాకులు పేలాయి. సర్కారు లెక్క పదమూడు మంది. అరవై మందికి తక్కువ కాదని పౌరహక్కుల వాళ్లు అన్నారు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న మనుషుల పేర్లు ఏ సర్కారు రికార్డులోనూ లేవు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. అక్కడ కట్టిన అమరుల స్తూపాన్ని 1986లో కూల్చేశారు. మళ్లీ కట్టారు. కట్టాక కూడా ప్రతి ఏప్రిల్ 20న దాని చుట్టూ పోలీసు ఆంక్షలు, ఉట్నూరు దారిలో చెక్‌పోస్టులు. చచ్చిపోయిన తండ్రికి దండం పెట్టుకోవడానికి కొడుకు దశాబ్దాల పాటు అడవి దారిన చాటుగా పోవాల్సి వచ్చింది. ఓట్లడిగే నాయకులకు అక్కడ సభలకు అనుమతి దొరికేది. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి స్వయంగా వెళ్లి స్మారకం పనులు మొదలుపెట్టారు, మంచిదే. కానీ ఢాకాలో 2024లో విద్యార్థులు ఏం చేశారో గుక్కతిప్పుకోకుండా చెప్పే మా మనవడికి ఇంద్రవెల్లి అంటే ఏమిటో తెలియదు. కరీంనగర్‌లో డిగ్రీ చదివే పిల్లవాడికి, పక్క జిల్లాలో, తన తాతల కాలంలో, సభకు పోయినందుకు చచ్చిన మనుషుల సంగతి ఏ పాఠంలోనూ తగల్లేదు.

ఆ కాల్పుల వంటివి జరిగినప్పుడు మా కాలంలో ఒక పద్ధతి ఉండేది. నిజనిర్ధారణ. శ్రీశ్రీ తొలి అధ్యక్షుడిగా పుట్టిన పౌరహక్కుల సంఘం దాన్ని ఊరూరా నేర్పింది. కన్నబిరాన్ వంటి వకీలు, బాలగోపాల్ వంటి లెక్కల మాస్టారు దాన్ని ఒక శాస్త్రంలా చేశారు. నేను ఆ బృందాల వెనక సంచీ మోసుకుంటూ తిరిగినవాణ్ణి కాబట్టి ఎట్లా చేసేవారో చెప్తాను. నలుగురైదుగురు వెళ్లేవారు. అందులో ఒక వకీలు, ఒక టీచరు, వీలైతే ఒక డాక్టరు. బాధితుల ఇంటికి ముందు పోయి, ఒక్కొక్కరిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగేవారు. గుంపులో అడిగితే గట్టిగా మాట్లాడేవాడి మాటే అందరి మాట అవుతుందని వాళ్లకు తెలుసు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎన్ని గంటలకు, అప్పుడు వెలుతురు ఉందా, ఎవరి చేతిలో ఏముంది. ఆ తర్వాత పోలీసు స్టేషన్‌కు పోయి, అక్కడి అధికారి చెప్పింది కూడా ఆయన మాటల్లోనే రాసుకునేవారు. తిట్టినా రాసుకునేవారు. పోస్టుమార్టం కాయితం అడిగేవారు, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసేవారు. తేలనిది తేలలేదనే రాసేవారు. రాత్రికి ప్రెస్సులో కంపోజింగ్, వారంలో చిన్న పుస్తకం. బస్టాండులో అమ్మితే రూపాయో అర్ధరూపాయో వచ్చేది. ఆ పుస్తకాలే తర్వాత కోర్టుల్లో, కమిషన్ల ముందు సాక్ష్యాలయ్యాయి.

ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. నిజానికి మాకంటే వీళ్ల దగ్గర సాక్ష్యం పదింతలు. కానీ లాఠీ దెబ్బ వీడియోకు పాట జోడించి ముప్పై సెకన్ల రీలు చేస్తారు. తేదీ ఉండదు, ఊరి పేరు ఉండదు, తీసిన మనిషి పేరు ఉండదు. అసలు ఫైలు ఎక్కడుందని అడిగితే ఫోన్ మెమొరీ నిండిందని తీసేశాం తాతా అంటారు! వారం తర్వాత దాన్ని కోర్టులో పెడదామంటే పెట్టడానికి ఏమీ మిగలదు. ఎవరి పేరు బయటికి రావొద్దో వాళ్ల ముఖం మాత్రం ఊరందరి ఫోన్లలో తిరుగుతుంటుంది. దీనికి ఓపిక లేదనాలా, తెలియదనాలా? తెలియదనే అంటాను. ఎందుకంటే ఓపిక ఏపాటిదో ఈ పిల్లలు బాసరలో చూపించారు.

బాసర ట్రిపుల్ ఐటీ ముచ్చట కొంత చెప్పాలి. పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలు, ఎక్కువమంది సర్కారు బడుల నుంచి వచ్చినవాళ్లు, ఆరేళ్లు అక్కడే ఉండి చదువుకుంటారు. 2022 జూన్ 14న వేలమంది పిల్లలు తరగతులు వదిలి మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు. పన్నెండు డిమాండ్లు. రెగ్యులర్ వైస్ ఛాన్సలర్ కావాలి, చాలినంతమంది పాఠాలు చెప్పేవాళ్లు కావాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి, మెస్సులో బువ్వ బాగుండాలి. రాయి విసరలేదు. అద్దం పగలలేదు. ఎండకు గొడుగులు పట్టుకుని, వాన పడితే తడుస్తూ, వరసలు చెదరకుండా వారం రోజులు. గేటు బయట పోలీసులు, వస్తున్న నాయకులను దారిలోనే అరెస్టు చేయడం, లోపలికి పత్రికలవాళ్లను పోనివ్వకపోవడం. మా కాలంలో అంతమంది పిల్లలను ఒకచోట వారం కూర్చోబెట్టి, చిన్న గొడవ లేకుండా లేపగల విద్యార్థి సంఘాన్ని నేను చూడలేదు. జూన్ 20 రాత్రి విద్యాశాఖ మంత్రి వచ్చి కూర్చుని మాట్లాడేదాకా పిల్లలు కదల్లేదు.

అయితే ఆ వారం రోజులూ పెద్దలు ఎక్కడున్నారు? తల్లిదండ్రులు ఫోన్లలో ఏడ్చారు, చదువు పోతుందిరా, కేసు పెడితే కొలువు రాదురా అని. వాళ్లను నేనేమీ అనను, బీదవాళ్లు. కానీ జిల్లాలో రెండు చేతులా జీతం తీసుకున్న మా తరం లెక్చరర్లు, వకీళ్లు, డాక్టర్లు, ప్రభుత్వ ఉద్యోగ సంఘాల పెద్దలు? ఎనభైల్లో పిల్లలు జైలుకు పోతే సాయంత్రానికి కోర్టు ఆవరణలో పట్టా పాస్ పుస్తకాలు పట్టుకుని జమానతు నిలబడటానికి రైతులు వచ్చేవారు. ఫీజు లేకుండా వకాలత్ వేసే వకీలు ప్రతి తాలూకా కోర్టులో ఒక్కడైనా ఉండేవాడు. ఆ నిలబడటానికి వెల ఏమిటో తెలిసే నిలబడ్డారు. జగిత్యాల గోపి రాజన్నను 1985లో చంపారు. వరంగల్‌లో పసిపిల్లల డాక్టరు రామనాథంను అదే ఏడాది సెప్టెంబర్ 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. మన కరీంనగర్ జాపా లక్ష్మారెడ్డిని 1986లో చంపారు. ముగ్గురూ పౌరహక్కుల సంఘం మనుషులు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం కలం, కరపత్రం. వాళ్ల పేర్లతో మన పట్టణాల్లో నేనెరిగిన వీధి ఒక్కటీ లేకపోవడం నాకు ఎప్పటికీ సహించని విషయం.

అడవిలో తుపాకీ పట్టినవాళ్లు చేసిన హత్యలను కూడా ప్రశ్నించాలా అన్న గొడవ మాలో చాలా ఏళ్లు నడిచింది. ప్రశ్నించాలనే బాలగోపాల్, ఇంకొందరు 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. నేను ఆయన పక్షం. ఇన్‌ఫార్మర్ అని ఒక కూలీని చంపితే ఆ కూలీ పెళ్లానికీ హక్కులుంటాయి. ఈ సంగతి చెప్పకుండా యువతకు మానవ హక్కులు బోధించడం సగం పాఠమే.

ఇప్పుడు చంపడాలు తగ్గాయి, అది గెలుపే, కాదనను. పద్ధతి మారింది. ముందస్తు అరెస్టు. ధర్నా పొద్దున పది గంటలకైతే, తెల్లారి అయిదింటికే ఇంటి ముందు జీపు. సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, చాయ్ పోసి పంపిస్తారు. కేసు లేదు, కాయితం లేదు. పిల్లలు కూడా నవ్వుతూ సెల్ఫీ దిగి వచ్చేస్తున్నారు. నవ్వకండిరా! నేరం చేస్తారన్న గట్టి సమాచారం ఉంటే తప్ప అట్లా పట్టుకోకూడదని చట్టం. అరెస్టు చేస్తే అరెస్టు మెమో రాయాలని, దాని మీద సాక్షి సంతకం, పట్టుబడిన మనిషి సంతకం ఉండాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు మెమో అడగకుండా చాయ్ తాగి వచ్చిన ప్రతిసారీ, ఆ రోజు మీ స్వేచ్ఛను ఎవరూ తీసుకోలేదన్నట్టే రికార్డు అవుతుంది.

కాయితం లేని చోట ఏమవుతుందో 2017 జులైలో సిరిసిల్ల పక్క నేరెళ్లలో చూశాం. ఇసుక లారీ కింద పడి ఊరి మనిషి చనిపోతే జనం లారీలు తగలబెట్టారు. తగలబెట్టడం నేరమే, కేసు పెట్టండి, కోర్టుకు పంపండి. కానీ పట్టుకుపోయిన మనుషులు, ఎక్కువమంది దళితులు, తమను స్టేషన్‌లో చిత్రహింసలు పెట్టారని ఒంటి మీది గాయాలు చూపించారు. హక్కుల సంఘాలు పట్టుబట్టి తిరిగాయి కాబట్టే అది హైకోర్టు దాకా పోయింది. అంతకంటే చిన్న ఊళ్లలో, పేపర్లో రాని ఊళ్లలో ఎవరు తిరుగుతారు? ఫిర్యాదు చేద్దామంటే మన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ 2022 చివర నుంచి 2025 దాకా, రెండేళ్లకు పైగా, ఛైర్మన్ లేకుండా ఉండిపోయింది. రెండు ప్రభుత్వాల కాలం అందులో ఉంది. ఏ కాలేజీ పిల్లలూ ఆ ఖాళీ కుర్చీ మీద ధర్నా చేయలేదు. నాకు బాగా బాధ కలిగించిన మౌనం అది.

పోరాడితే ఫలితం రాదని మాత్రం ఎవరూ చెప్పకండి. 2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ఆడవాళ్లు, పిల్లలు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని నిర్మల్–భైంసా రోడ్డు మీద కూర్చుంటే పనులు ఆపక తప్పలేదు. 2025 జులైలో కుమ్రం భీం జిల్లా ఆదివాసులు పులుల కారిడార్ పేరిట వచ్చిన 49వ జీవో మీద లేచి బంద్ చేస్తే సర్కారు దాన్ని పక్కన పెట్టింది. గోండు వీరుడు కుమ్రం భీం జోడేఘాట్ గుట్టల్లో 1940లో ప్రాణం విడిచిన ఆ నేల మీద తుడుం మోగడం ఆగలేదు. ఆ ఊళ్లలో చదువుకున్న పిల్లలే జీవోను చదివి, గోండీలో గూడెం పెద్దలకు విడమర్చి చెప్పారు. నేను అడిగే పనితనం అదే. కరీంనగర్ కాలేజీల్లో దాన్ని నేర్పే చోటు లేదు. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎత్తేసి మూడు దశాబ్దాలు దాటింది. ఓటు అడిగి, ఓడిపోయి, గెలిచినవాడితో కలిసి పనిచేయడం నేర్చుకునే బడి అట్లా మూతపడింది. ఆ ఎన్నికల్లో కొట్లాటలు ఉండేవి, నిజమే. కొట్లాటలు ఆపమంటే ఎన్నికలే ఆపేశారు.

పిల్లలారా, మీకు చెప్పేది ఇదే. దరఖాస్తు రెండు కాపీలు రాయండి, ఒక దాని మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఇవ్వమంటే రాసివ్వమనండి. రాసివ్వకపోతే, ఫలానా తేదీన ఫలానా వేళ నోటిమాటగా కాదన్నారని రాసి రిజిస్టర్ పోస్టులో పంపండి. వీడియో తీస్తే అసలు ఫైలు ఇద్దరి దగ్గర దాచండి. అరెస్టు చేస్తే మెమో అడగండి. గొడవ జరిగిన ఊరికి మరునాడే నలుగురు పోయి, పోలీసుల మాట కూడా విని, ఒక నోటుబుక్కు నింపుకుని రండి.

కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ కోర్టుల్లో ఉన్న వకీలు మిత్రులారా, రిటైరై ఇళ్లలో ఉన్న మాస్టార్లారా, ఆ నోటుబుక్కు పట్టుకుని పిల్లలు మీ గుమ్మం దాకా వస్తారు. కూర్చోబెట్టండి, చదవండి, తప్పులు దిద్దండి. కేసు అయితే ఫీజు అడగకుండా వకాలత్ మీద సంతకం పెట్టండి.